కొస లేని కత్తితో కోరుట్ల, సిరిసిల్ల

జగిత్యాల ఎందుకు వెళ్ళావని మా తెనాలిలో ఎవరు అడిగినా "కత్తి ఇచ్చి రావడానికి" అని చెబుతున్నాను. అడిగినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసి, తర్వాత నా ముఖం చూసి నవ్వేస్తున్నారు. మా ఆవిడైతే ఇప్పటికీ నమ్మదు. కత్తిపీట మీద సొరకాయ తరగమంటే వేలు కోసుకునే మనిషి కత్తి మోసుకుంటూ ఊళ్ళు తిరిగాడంటే ఆవిడ నమ్మకపోవడంలో న్యాయం ఉంది.

కత్తి నాది కాదు, రాజేశానిది. ఒమన్ ఎడారిలో రోడ్డు సర్వే క్యాంపులో నేను సర్వేయరుని, అతను వంటవాడు. సొంతూరు కోరుట్ల. ఆ కత్తి మడత పడే రకం కాదు. పిడి లోపలి దాకా ఒకటే ఇనుప పలక, జానెడు కన్నా కాస్త తక్కువ బ్లేడు, తోలు ఒర. మస్కట్‌లో కొన్నరోజు దాని డబ్బాలో ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంటే, "గీండ్ల ఏం రాసిన్రో జర సదువు సార్" అని నా చేతికిచ్చాడు. ఆరుబయట పనులకు అని రాసి ఉంది. తాడు కోయవచ్చు, కట్టెలు చీల్చవచ్చు, చేప శుభ్రం చేయవచ్చు, కూరగాయలు తరగవచ్చు, ప్రమాదంలో చిక్కితే సీటు బెల్టు తెంచవచ్చు. చేయకూడనివి కూడా ఉన్నాయి. విసరకూడదు, సుత్తితో బాదకూడదు, స్క్రూలు తిప్పకూడదు, ఇరుకు సందుల్లో దూర్చి మీటకూడదు. పులుపు తగిలితే వెంటనే కడిగి, తుడిచి, నూనె రాయాలి. రాజేశం అంతా విని, "గిన్ని అద్దులు మా అవ్వ గూడ చెప్పలే" అన్నాడు. అవ్వంటే వాళ్ళ వైపు అమ్మ. తర్వాత విసరడం ఒక్కటి తప్ప తక్కినవన్నీ చేశాడు.

మొన్న వేసవి మొదట్లో నేను ఉద్యోగం చాలించుకుని వచ్చేస్తుంటే ఆ కత్తినే తువ్వాలులో చుట్టి ఇచ్చాడు. అతని కొడుకు నవీన్ పెళ్ళి కుదిరింది. సెలవు దొరికింది, టికెట్టు తీసుకున్నాడు, కానీ వీసా పొడిగింపుకి ఇచ్చిన పాస్‌పోర్టు తిరిగి చేతికి రాలేదు. వాళ్ళ వైపు పెళ్ళికొడుకు చేతిలో కత్తి ఉండాలి. నలుగు పెట్టి పెళ్ళికొడుకుని చేసినప్పటి నుంచి తాళి కట్టేదాకా, కొసకు నిమ్మకాయ గుచ్చిన కత్తిని కింద పెట్టకుండా పట్టుకోవాలి. గాలీ ధూళీ సోకకుండా అన్నమాట. మా తెనాలి పెళ్ళికొడుకుల చేతిలో సెల్‌ఫోన్ తప్ప ఏమీ ఉండదు.

"నేను పోకున్నా నా కత్తి పోవాలె సార్. పిలగాని చేతిల గదే ఉండాలె," అన్నాడు. వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచి ఇంకో మాట చెప్పాడు. "కొస ఎట్ల ఇరిగిందో ఇంట్ల మాత్రం చెప్పకు. పరేషాన్ అయితరు."

రెండింటికీ సరేనన్నాను. అవును, ఆ కత్తికి కొస లేదు. చిటికెనవేలి గోరంత ముక్క పోయింది. అది విరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఆ సంగతి దాని చోట చెబుతాను.

జగిత్యాల

మే నెలలో జగిత్యాలకు ఎవరూ సరదాకి వెళ్ళరు. బస్సు దిగేసరికి మధ్యాహ్నం, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. పాత కోట చూద్దామని బయల్దేరి, కందకం దాకా వెళ్ళి, చెట్టు నీడ వెతుక్కుని, అక్కడి నుంచే గోడలకు ఒక దండం పెట్టి వెనక్కి వచ్చాను. కోట గురించి అంతకన్నా చెప్పలేను, చదివేవాళ్ళు మన్నించాలి. చలికాలంలో వెళ్ళినవాళ్ళని అడగండి.

మామిడిపండ్ల గురించి మాత్రం చెప్పగలను. ఊరంతా అవే. లారీల్లో, ఆటోల్లో, తోపుడు బళ్ళ మీద, గోనెపట్టాల మీద. బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చున్న ఒక పెద్దావిడ బంగినపల్లి కిలో డెబ్భై చెప్పింది. మా నూజివీడు కాయ యాభైకే వస్తుందని ఊరికే అన్నాను.

"అయితె గాడనే కొనుక్కోరాదు సార్, గింత దూరం ఎందుకచ్చినవ్?" అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నోరు మూసుకుని రెండు కిలోలు కొన్నాను.

లాడ్జి గదిలో చాకు లేదు. ఆకలి వేస్తోంది, పండు వాసనకి గది నిండిపోయింది. రాజేశం కత్తి తీశాను. కూరగాయలు తరగవచ్చని కాగితంలో ఉంది కాబట్టి పండు కోయడం తప్పు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు పండ్లు తిన్నాను. ఆవిడ డెబ్భై చెప్పినందుకు నాకిప్పుడు కోపం లేదు. నీళ్ళ సీసా తెచ్చిన లాడ్జి మేనేజరు బల్ల మీద కత్తి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గిది దేనికి సార్?"

"మామిడిపండ్లకండీ."

"గంత కత్తా, మామిడిపండ్లకు?"

ఆయన వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి నా ఆధార్ కార్డు జిరాక్సు ఇంకోటి తీసుకున్నాడు.

పొద్దున లేచి చూస్తే బ్లేడు మీద నల్లటి మరక, కప్ప చర్మంలా. మామిడి సొన. తుడిచి పెట్టడం మరిచిపోయి నిద్రపోయాను. తుప్పు పట్టని రకం ఇనుము కాదది, కాగితం ఆ మాట చెప్పింది కూడా. టూత్‌పేస్టుతో రుద్దాను, మేనేజరు జాలిపడి ఇచ్చిన చింతపండుతో రుద్దాను. సగం పోయింది, సగం ఉండిపోయింది. ఒకరి కొడుకు పెళ్ళికి పట్టుకెళ్తున్న వస్తువుతో పండ్లు కోసుకుని తిన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కోరుట్ల దారిలో

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో పెద్ద దూరమేం కాదు. దారి పొడుగునా రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోశారు, ఇంకో పక్కన మాత్రమే బండ్లు నడుస్తున్నాయి. మా వైపు కళ్ళాలు ఇంకా పొలాల్లో ఉన్నాయి, ఇక్కడ తారురోడ్డే కళ్ళం. డ్రైవరు వడ్ల మీదికి చక్రం పోకుండా ఎంత జాగ్రత్తగా తిప్పాడంటే, ఎదురొచ్చే లారీ కన్నా ఆయనకి వడ్లంటేనే భయం ఎక్కువ అనిపించింది.

నా పక్కన ఒక బీడీలు చుట్టే ఆవిడ కూర్చుంది. ఒళ్ళో తునికాకు కట్ట, గుడ్డ సంచి. ఎక్కడి నుంచి వస్తున్నానని అడిగింది. మస్కట్ అనగానే నా వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళాయన అక్కడ పనిచేసి వచ్చాడట, తమ్ముడు ఇప్పుడు ఖతార్‌లో ఉన్నాడట. ఆ బస్సులో ఎవరిని కదిలించినా ఎడారి మాట వచ్చేట్టుంది. తెనాలిలో ఎవరైనా విదేశం అంటే మేము ఏ కంపెనీ అని అడుగుతాం. ఇక్కడ మళ్ళీ ఎప్పుడొస్తాడని అడుగుతారు.

"దోస్తు ఇంటికి ఏం పట్టుకపోతున్నవ్ సార్? బంగారమా?"

"కాదమ్మా, కత్తి. వాళ్ళబ్బాయి పెళ్ళి."

జగిత్యాల మేనేజరు లాగా ఆవిడ ముఖం మారలేదు. "లగ్గం కత్తా! తండ్రి రాలేడా అయితే?" అని అడిగింది. రాలేడన్నాను. "ఇగ తండ్రి చెయ్యి పంపినట్టే గద," అని తునికాకు కట్ట సర్దుకుంది. అప్పటిదాకా కత్తి ఉన్న నా సంచిని కాళ్ళ దగ్గర పడేసి కూర్చున్నాను. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

కోరుట్ల: చాటలో కత్తి

రాజేశం ఇల్లు పెళ్ళికళతో ఉంది. గుమ్మాలకు పసుపు, గోడలకు కొత్త సున్నం, వాకిట్లో పచ్చని పందిరి. రాజేశం భార్య సత్తవ్వ నన్ను చూసి కొంగు భుజం మీద కప్పుకుని, "వచ్చిన్రా అన్నా," అంది. నేనెప్పుడూ చూడని మనిషి. కానీ క్యాంపులో రోజూ రాత్రి భోజనాల వేళ ఫోన్లో విన్న గొంతు అది.

సంచిలోంచి కత్తి తీసి చేతికివ్వబోయాను. రాజేశం తల్లి, లచ్చవ్వ, "ఆగు బిడ్డా!" అని అరిచింది. కత్తి చేతికీ చేతికీ మారకూడదట, ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ తగువు పడుతుందట. మా ఇళ్ళలో ఉప్పు అలా చేతికివ్వం, ఇక్కడ కత్తి. ఆవిడ చాటలో గుప్పెడు బియ్యం పోసి నా ముందు పెట్టింది. నేను బియ్యం మీద కత్తి పెట్టాను. ఆవిడ తీసుకుని, ఒర లాగి, వెలుతురుకి తిప్పి చూసింది.

"నల్లగున్నదేంది?"

"నిన్న మామిడిపండు కోశానమ్మా. తప్పు నాదే."

"పండే గద, ఏం గాదు," అంది. తర్వాత బొటనవేలు బ్లేడు చివరికి జరిపింది. "కొస ఏది?"

సత్తవ్వ నా వైపు చూసింది. పెళ్ళికొడుకు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, అచ్చం తండ్రి నుదురు. రాజేశానికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

"విరిగిందమ్మా. డబ్బా ఏదో తెరుస్తుంటే."

నవీన్ ఒక్కసారి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఇన్నవా బాపమ్మా? డబ్బా తీసుకుంట ఇరగ్గొట్టిండట. ఇరిగినంక నాకు పంపిండు."

లోపలికి వెళ్ళి ఇంకో కత్తి తెచ్చి మంచం మీద పెట్టాడు. ఎర్ర మఖ్మల్ ఒర, పిడి నిండా మెరిసే రాళ్ళు, సూదిలాంటి కొస. పెళ్ళి సామాన్ల దుకాణంలో అద్దెకు తెచ్చుకున్నాడు.

"గిది పట్టుకుంట. నిమ్మకాయ గుచ్చాలంటే కొస ఉండాలె గద?"

"తండ్రి పంపిండురా," అంది లచ్చవ్వ.

"పంపుతడు బాపమ్మా. నా పదో తరగతికి వాచ్ పంపిండు. తాత సచ్చిపోతే పైసలు పంపిండు. ఇప్పుడు కత్తి పంపిండు. ఎప్పుడన్నా మనిషి అచ్చిండా?"

సత్తవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను చెప్పిన అబద్ధం ఇల్లంతా మొలిచి నిలబడింది. డబ్బా తెరుస్తూ విరగ్గొట్టుకున్న కత్తిని ఏ కొడుకు గౌరవిస్తాడు? అబద్ధం ఆడేవాడు కాస్త మంచి అబద్ధం ఆడాలి, ఆ తెలివి నాకు లేదు.

రాజేశం తమ్ముడు గంగారాం మధ్యవర్తిగా వచ్చాడు. "లొల్లి ఎందుకుర? సాన మిషన్ కాడికి పోతే పది నిమిషాలల్ల కొస తీస్తడు. రెండు దిక్కుల అరగదీస్తె అయిపాయె. తినంగనే సారును తోల్కపో."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సత్తవ్వ సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి, గిన్నెకు అద్ది కాల్చింది. మా తపాలా చెక్కకి అక్కలాంటిది. "కారం ఉంటది అన్నా," అని హెచ్చరించింది. గుంటూరు జిల్లా వాడికా ఈ హెచ్చరిక అని నవ్వుకున్నాను. రెండో ముక్కకి మంచినీళ్ళ చెంబు నేనే వెతుక్కున్నాను.

సాన మిషన్ దగ్గర

నవీన్ బండి నడిపాడు, వెనక నేను, నా ఒళ్ళో కత్తి. వాడికి మార్కెట్ దగ్గర చిన్న మొబైల్ దుకాణం ఉంది. దారిలో అది చూపించాడు. తండ్రి సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సాన పట్టే అతను కొడవళ్ళ గుట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. యాభై రూపాయలు అన్నాడు. చక్రం తిరగడం మొదలైంది. నవీన్ కత్తిని ఒర నుంచి తీసి అతని ముందు నేల మీద పెట్టాడు. చేతికివ్వకూడదన్న మాట కోపంలో కూడా మరవలేదు. అక్కడే వంగి, బ్లేడు వీపు మీద వేలు పెట్టి చూశాడు.

"అంకుల్, గిది ఎంత మందం ఉన్నది! డబ్బాకు ఇరుగుతదా?"

నేను చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంకాసేపట్లో విరిగిన అంచు అరిగి, నున్నటి కొస వస్తుంది. నిమ్మకాయ గుచ్చుకుంటుంది. రాజేశం అడిగిన రెండూ నెరవేరతాయి. కానీ కొడుకు మనసులో డబ్బా కథ అలాగే ఉండిపోతుంది. వాడు ఆ కత్తిని బాపమ్మ కోసం పట్టుకుంటాడు తప్ప తండ్రి కోసం కాదు. ఇచ్చిన రెండు మాటల్లో ఒకటి తప్పాలనుకున్నాను.

"డబ్బా కాదు నవీన్. బండి తలుపు," అన్నాను.

చెప్పాను. వాదీ అంటారు అక్కడ, ఎండిపోయిన వాగు. మా పికప్ అందులోకి దొర్లి బోర్లా పడింది. డ్రైవరు బయటపడ్డాడు. నేను సీటు బెల్టుకి తలకిందులుగా వేలాడుతున్నాను, కాలు ఇరుక్కుంది, పెట్రోలు వాసన కొడుతోంది. వెనక నీళ్ళ బండిలో వస్తున్న రాజేశం దిగి పరుగెత్తుకొచ్చాడు. అద్దం పగలగొట్టి కత్తితో బెల్టు తెంచాడు, అది కాగితంలో ఉన్న పనే. తలుపు రాలేదు. సందులో కత్తి దూర్చి, ఒళ్ళంతా బరువు వేసి మీటాడు, అది చేయవద్దని రాసి ఉన్న పని. తలుపు కొంచెం తెరుచుకుంది, కొస ఫటక్కున విరిగి ఎగిరింది. మొండి కత్తితోనే మళ్ళీ మీటి నన్ను చంకల కింద పట్టుకుని లాగాడు. ఎగిరిన ముక్క అతని చెంప కోసుకుంటూ పోయింది. రక్తం కారుతుంటే కూడా నన్నే అడిగాడు, "సార్, కాలు ఆడుతున్నదా?" అని. ఆ తర్వాత మా పికప్ అంటుకుంది.

నేను ఇంట్లో మా ఆవిడకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు.

నవీన్ కత్తి వైపే చూస్తున్నాడు. "ఎడమ దిక్కు చెంపనా?" అని అడిగాడు.

"అవును."

"గడ్డం గీసుకుంట కోసుకున్న అన్నడు. వీడియోల అడిగితే. గంత లోతు గాటు గడ్డానికి ఎట్ల పడ్డదని మా అవ్వ నవ్వింది. మేం గూడ నవ్వినం."

సాన పట్టే అతను కత్తి కోసం చేయి చాచాడు. నవీన్ అతని కంటే ముందు దాన్ని తీసుకున్నాడు.

"అద్దన్నా. బంద్ చెయ్యి."

"కొస అద్దా?"

"అద్దు. గిట్లనే ఉండనియ్యి."

బయట టీ తాగాం. నవీన్ రెండుసార్లు కళ్ళు తుడుచుకుని, ఎండ అన్నాడు. బండి ఎక్కబోతూ నా చేయి పట్టుకున్నాడు. "అవ్వకు చెప్పకు అంకుల్. లగ్గం అయిపోనియ్యి. పరేషాన్ అయితది." తండ్రి చెప్పిన మాట అచ్చం అదే. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

ఇంటికి వెళ్ళాక కొస ఏదని గంగారాం అడిగితే, "నాకు గిట్లనే మంచిగున్నది చిన్నబాపు," అని ఊరుకున్నాడు. అద్దె కత్తి మంచం మీద నుంచి ఎప్పుడో మాయమైంది. లచ్చవ్వ మనవడి ముఖం చూసింది, నా ముఖం చూసింది. మర్నాడు పొద్దున నలుగు పెట్టి, కొత్త బట్టలు కట్టి, వాణ్ణి పెళ్ళికొడుకుని చేశాక పసుపు దారం తీసుకొచ్చింది. కత్తి చివర నిమ్మకాయ ఆనించి, నిలువునా అడ్డంగా ఏడెనిమిది చుట్లు చుట్టి ముడి వేసింది.

"కొస లేకుంటే దారం లేదా?" అంది.

వేములవాడ మీదుగా

పెళ్ళి జరిగేది అమ్మాయి ఊరు సిరిసిల్లలో. కథలాపూర్, వేములవాడ మీదుగా వెళ్ళాం. చుట్టాలు బస్సులో, నేను పెళ్ళికొడుకు కారులో. ఇది నాకు దక్కిన గౌరవమని అనుకున్నాను. తర్వాత తెలిసింది, సీట్ల మధ్య నిమ్మకాయకి దెబ్బ తగలకుండా చూసే పని నాదట.

రెండు చేతులా కత్తి పట్టుకున్న పెళ్ళికొడుకు ఎంత నిస్సహాయుడో ఆ దారిలో చూశాను. చెమట తుడుచుకోవాలంటే గంగారాం తుడవాలి. సోడా తాగాలంటే గంగారాం పట్టాలి. వేములవాడ గుడి దగ్గర దిగి దండం పెట్టుకోవాల్సి వస్తే కత్తి రెండు అరచేతుల మధ్య పెట్టి దండం పెట్టాడు. "నాకు లగ్గం అయినప్పుడు గిట్లనే ఈగలు ముసిరినయ్, కొట్టుకునేటందుకు చెయ్యి లేదు," అన్నాడు గంగారాం. నవీన్ మొదటిసారి గట్టిగా నవ్వాడు. గతుకుల్లో నిమ్మకాయ అటూ ఇటూ జరిగి బ్లేడుకి ఒరుసుకుంది. నేను సర్దాను. మళ్ళీ జరిగింది.

సిరిసిల్ల

సిరిసిల్లలో కారు దిగగానే వినిపించేది మరమగ్గాల చప్పుడు. సందు సందులో, తలుపుల వెనక, ఆగకుండా. పెళ్ళి మేళం మొదలయ్యాక కూడా ఆ చప్పుడు కింద నుంచి వినిపిస్తూనే ఉంది. అక్కడివాళ్ళకి అది వినిపించదట. మా ఇంటి పక్క రైలు నాకు వినిపించనట్టే.

పెళ్ళి హాలు గుమ్మం దగ్గర ఎదురుకోళ్ళలో పేచీ వచ్చింది. అమ్మాయి మేనమామ వీర్నపల్లిలో వ్యవసాయం చేసే మనిషి, పెద్ద మీసాలు, గట్టి గొంతు. నవీన్ చేతిలో కత్తి చూసి ఆగాడు.

"గిదేంది? కొస ఇరిగిపోయిన కత్తి పట్టుకచ్చిన్రు? మా పిల్ల లగ్గానికి ఇరిగిన వస్తువా?"

మేళం ఆగిపోయింది. సత్తవ్వ ముఖం తెల్లబోయింది. ఆయనది గొడవ పెట్టుకునే ఉద్దేశం కాదు. మేనకోడలి పెళ్ళిలో అపశకునం వద్దని ఆయన భయం. మా ఇంట్లో పెళ్ళికి పగిలిన కుండ తెస్తే నేనూ ఊరుకోను. ఎవరో వెళ్ళి ఇంకో కత్తి తెస్తామన్నారు. గంగారాం నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను.

నవీన్ నాకన్నా ముందు మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"మామా, గిది మా బాపుది. కొస మస్కట్ల వడ్డది, మా బాపు గూడ గాడనే ఉన్నడు. మిగిలింది గింత, గది నా లగ్గానికి అచ్చింది. గిదే ఉంటది."

ఆ పెద్దమనిషి కాసేపు కత్తినే చూశాడు. ఆయన కొడుకు కూడా దుబాయిలో ఉన్నాడని నాకు భోజనాల దగ్గర తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన భుజం మీది కండువా సర్దుకుని, "సరే తియ్. అయ్యగారు పిలుస్తున్నడు, నడువున్రి," అని తనే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ధర్మపురి నుంచి వచ్చిన పురోహితుడు నిజానికి ఎవరినీ పిలవలేదు.

పీటల మీద కూర్చోబోయే ముందు గంగారాం ఫోన్లో రాజేశాన్ని పట్టుకున్నాడు. వెనక పెద్ద గిన్నెలు, ఆవిరి. అక్కడ మధ్యాహ్నం వంట వేళ. తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు, ఎడమ చెంప మీద గాటు స్పష్టంగా కనిపిస్తోంది. కొడుకుని చూశాడు, కత్తిని చూశాడు.

"నిమ్మకాయ ఎట్ల నిలవడ్డదిరా? కొస లేదు గద."

"బాపమ్మ దారం కట్టింది." నవీన్ ఫోను దగ్గరికి వంగాడు. "కొస యాడ వోయిందో నాకెర్కే బాపు."

రాజేశం చూపు తెర మీద నా కోసం వెతికింది. "సార్, చెప్పద్దన్న గద."

"చెప్పానయ్యా. ఏం చేసుకుంటావో చేసుకో," అన్నాను.

అతను తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడని అందరికీ తెలుసు. పొయ్యి సెగ అని అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. మళ్ళీ కత్తి వైపు చూసి ఒక్కసారిగా వంటవాడి గొంతు తెచ్చుకున్నాడు.

"అరే, నిమ్మకాయ కోసుకపోయింది, రసం కారుతున్నది సూడు. గది పులుపుకు తుప్పు వడ్తదిరా. లగ్గం గాంగనే కడిగి, తుడిచి, నూనె రాయి. మర్సిపోకు."

నిజమే. దారిలో ఒరుసుకుని ఒరుసుకుని నిమ్మకాయ సగం తెగింది, రసం బ్లేడు మీదుగా పిడి దాకా వచ్చింది. నవీన్ అరచేయి జిగురుగా ఉంది. కారులో ఒక్కసారి కూడా చెప్పలేదు.

తాళి కట్టాడు, తలంబ్రాలు పోసుకున్నారు. తర్వాత బగారా అన్నం, మటన్, దాల్చా. మా పెళ్ళిళ్ళలో వరసగా వచ్చే పప్పు, పులిహోర, పనసపొట్టు కూర, గడ్డపెరుగుల ఊసే లేదు. మొదట వెలితిగా అనిపించింది. రెండోసారి వడ్డించుకున్నాక ఆ సంగతి గుర్తు రాలేదు. నేను చేయి కడుక్కుని వస్తుంటే విడిది గది తలుపు తెరిచి ఉంది. నవీన్ ఇంకా భోజనం చేయలేదు. చాప మీద కూర్చుని, కడిగిన కత్తిని తన పెళ్ళి కండువా అంచుతో తుడుస్తున్నాడు. పక్కన కొత్త పెళ్ళికూతురు శ్రావణి, చేతిలో సత్తవ్వ ఇచ్చిన కొబ్బరినూనె సీసా. పొద్దుటి నుంచీ ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను వినలేదు.

"ఎంత పొయ్యాలె?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఒక్క సుక్క సాలు," అన్నాడు నవీన్. కత్తిని ఆమె వైపు తిప్పి, విరిగిన చోట వేలు పెట్టి చూపించాడు. "గీడ మాత్రం జర ఎక్కువ పొయ్యి."